ఏటి నాడి చూడటం ఎలా?

ఎద్దుకు ఒంట్లో బాగోలేదంటే రైతుకు ఒకరు వచ్చి చెప్పక్కర్లేదు. మేత ముట్టదు, ముట్టె ఆరిపోతుంది, చెవులు వేలాడేసి ఓ మూల నిలబడుతుంది. పొద్దున్నే కొట్టంలోకి అడుగు పెట్టగానే తెలిసిపోతుంది. పైరుకు తెగులొస్తే ఆకు రంగు చూసి పోల్చుకుంటాం. మరి ఏటికి జబ్బు చేస్తే? బావి అడుగంటి, మోటారు గాలి కొట్టాక గానీ మనకు ఏరు గుర్తుకు రాదు. అప్పటికి జబ్బు ముదిరి పదేళ్లయి వుంటుంది.

ఏటికి కూడా నాడి వుంది. దాన్ని పట్టుకుని చూసే పద్ధతులు వున్నాయి. వాటిలో కొన్ని ప్రయోగశాలలో చేసేవి, కొన్ని రైతులు టేపు, తాడు, తెల్ల పళ్లెం పట్టుకుని చేసుకోగలిగేవి. మన జిల్లా ఏరు స్వర్ణముఖిని ముందు పెట్టుకుని ఆ పద్ధతులు చూద్దాం.

స్వర్ణముఖి పెద్ద నది కాదు. పాకాల దగ్గర తూర్పు కనుమల్లో పుట్టి చంద్రగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా పారి వాకాడు దగ్గర సముద్రంలో కలిసేసరికి దాని పొడవు సుమారు 130 కిలోమీటర్లే. గోదావరి 1,465 కిలోమీటర్లు. అయితే మనిషి చేసిన పని పెద్ద నది కంటే చిన్న ఏటిలోనే ముందు కనిపిస్తుంది. గోదావరిలో ఒక ఊరి మురుగు కలిస్తే పది మైళ్లు పోయేసరికి ఆనవాలు వుండదు. చిన్న ఏటికి అంత నీరెక్కడిది? ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. వాన పడినప్పుడు పారుతుంది, లేనప్పుడు ఇసుక కింద దాక్కుంటుంది. పైన చెక్‌డ్యాం కట్టినా, కింద ఇసుక తోడినా, పక్కన వంద బోర్లు వేసినా ఆ దెబ్బ నేరుగా దాని మీదే పడుతుంది.

నాకు ఊహ తెలిసేనాటికి మా నాన్న ఏటి గట్టు పొలంలో ఫిల్టర్ పాయింటు దించి వున్నాడు. పద్దెనిమిది అడుగుల్లో నీళ్లు. ఆయిలింజను పెడితే వేరుశనగకు, కాస్త వరికి సరిపోయేది. ఎండాకాలం ఏట్లో చెయ్యి లోతున చెలమ తీస్తే తేటనీళ్లు ఊరేవి, మా అమ్మ వాళ్లు బిందెలతో అవే తెచ్చేవాళ్లు. తర్వాత లారీలు వచ్చాయి. ఏట్లో బాట వేశారు. ఎవరో గుత్తదారు, ఏవో కాగితాలు, ఊరికి ఏదో గుడి మరమ్మతు చేయిస్తామన్న మాట. నాలుగేళ్లలో ఫిల్టర్ పాయింటు పనికిరాకుండా పోయింది. బోరు వేశాం. ఇప్పుడు ఆ బోరు లోతు చెబితే మా నాన్న నవ్వుతాడు, నేను నవ్వలేను.

అయితే ఇదంతా ఇసుక వల్లనే అని నేను చాలాకాలం అనుకున్నాను. లెక్కలు నేర్చుకున్నాక తెలిసింది, అందులో మా బోర్ల వాటా కూడా తక్కువేం కాదని. ఏటి ఆరోగ్యం అంచనా వెయ్యడమంటే ఇదే. ఎవరి మీద కోపం వుందో వాళ్ల పేరు రాసుకోవడం కాదు, ఏ పని వల్ల ఎంత దెబ్బ తగిలిందో విడివిడిగా చూడటం.

ముందు పరీవాహకం హద్దు

ఏరంటే నీళ్లు పారే పల్లం ఒక్కటే కాదు. ఏ నేల మీద పడిన వాన చుక్క చివరికి ఆ ఏట్లోకి చేరుతుందో ఆ నేలంతా ఏటిదే. దాన్నే పరీవాహక ప్రాంతం అంటారు. మీ ఊరికి దాని హద్దు తెలుసుకోవాలంటే సర్వే ఆఫ్ ఇండియా మ్యాపు వుంటే మంచిది. లేకపోతే వాన పడుతున్న రోజు గొడుగు వేసుకుని ఊరి మిట్టల మీద నడవండి. నీళ్లు ఎటు చీలిపోతున్నాయో ఆ మిట్టే హద్దు. పశువుల కాపర్లకు ఈ హద్దులు చాలావరకు నోటికి వచ్చి వుంటాయి.

మ్యాపులో వాగులకు వరుస నంబర్లు ఇచ్చే పద్ధతి ఒకటుంది. స్ట్రాలర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1950లలో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. కొండ మీద మొదట పుట్టే పిల్ల వంక ఒకటో తరగతి. అలాంటివి రెండు కలిస్తే రెండో తరగతి. రెండో తరగతివి రెండు కలిస్తే మూడోది. రెండోదాంట్లో ఒకటో తరగతి వంక వచ్చి కలిస్తే మాత్రం తరగతి పెరగదు. వినడానికి బడిపిల్లల లెక్కలా వుంటుంది గానీ దీనికి చట్టంలో విలువుంది. 2002లో వచ్చిన వాల్టా చట్టం కింద 2004లో చేసిన నిబంధనలు ఇసుకను ఈ తరగతుల ప్రకారమే చూస్తాయి. ఒకటి నుంచి మూడో తరగతి వాగుల్లో ఇసుక పక్క ఊళ్ల సొంత అవసరాలకే గానీ యంత్రాలు పెట్టి బయటికి తరలించడానికి కాదు. మీ ఊరి వంక ఏ తరగతిదో తెలిస్తే మాట్లాడే మాటకు బలం వస్తుంది.

దేనితో పోల్చాలి?

డాక్టరు జ్వరం వుందని ఎలా చెబుతాడు? ఒంటి వేడి మామూలుగా ఎంత వుండాలో తెలుసు కాబట్టి. ఏటికి ఆ 'మామూలు' ఏది? ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఎక్కడో పుస్తకంలో వున్న నది లెక్కను తెచ్చి మన ఎండిన ఏటికి అంటగడతారు.

పోలిక రెండు రకాలుగా తీసుకోవచ్చు. ఒకటి, అదే ఏటికి పైభాగం. స్వర్ణముఖికి కల్యాణి, భీమా అనే చిన్న ఏర్లు తొండవాడ దగ్గర వచ్చి కలుస్తాయి. కొండల్లో అడవి చాటున పారే వంకలు, ఊళ్లు దాటాక పారే పాయ, తిరుపతి దాటాక పారే ఏరు, ఈ మూడింటినీ ఒకే వారంలో చూసి పక్కపక్కన పెడితే మనిషి చేసిన మార్పు అక్కడే తేలుతుంది. రెండోది, పెద్దవాళ్ల జ్ఞాపకం. 1970ల్లో, 80ల్లో ఏరు ఏ నెల దాకా పారేది, చెలమ ఎంత లోతు, ఏ చేపలు పడేవి అని నలుగురైదుగురు ముసలివాళ్లను విడివిడిగా అడిగి రాసుకోండి. అందర్నీ ఒకేచోట కూర్చోబెట్టి అడిగితే గట్టిగా మాట్లాడేవాడి మాటే అందరి మాట అవుతుంది.

ఇసుక లెక్క

ఇప్పుడు అసలు సంగతి. ఇసుక పోతే నీరెందుకు పోతుంది?

వంద మీటర్ల వెడల్పు, కిలోమీటరు పొడవున ఏటి ఇసుకను ఒక మీటరు లోతు తీసేశారనుకుందాం. పోయిన ఇసుక లక్ష ఘనపు మీటర్లు. ముతక ఇసుక తన పరిమాణంలో సుమారు ఐదో వంతు నీటిని బావికి వదులుతుంది. అంటే 20 వేల ఘనపు మీటర్లు, రెండు కోట్ల లీటర్లు. ఎంతో పెద్ద అంకె అనిపిస్తుంది. కానీ రబీ వరి ఎకరాకు 1200 మిల్లీమీటర్ల నీళ్లు పెడతామనుకుంటే అది 48 లక్షల లీటర్లు దాటుతుంది. రెండు కోట్ల లీటర్లు నాలుగెకరాల వరికి సరి. వేరుశనగయితే పదెకరాలు. కిలోమీటరు ఏరు తవ్వితే పోయింది ఇంతేనా అని గుత్తదారు కూడా అడగొచ్చు.

అసలు నష్టం అది కాదు. ఏటి అడుగు మీటరో, రెండు మీటర్లో దిగిపోయిందంటే రెండు గట్లలో వున్న భూగర్భ నీటికి వాలు పెరిగినట్టు. మడిగట్టుకు గండి పడితే నీళ్లు ఎలా జారిపోతాయో అలా గట్ల కింద నీరు ఏటి పల్లంలోకి ఊరి కిందికి పోతుంది. బావుల్లో మట్టం పడిపోతుంది. ఇది ఇసుక తీసిన చోటే ఆగదు. లోతైన గుంత పడిన దగ్గర్నుంచి వరద వచ్చినప్పుడల్లా అడుగు కోసుకుంటూ పైకి పాకుతుంది. అందుకే ఇసుక తవ్వింది ఒక ఊళ్లో, వంతెన పునాది బయటపడేది పై ఊళ్లో అవుతుంది. ఇసుక మొత్తం పోయి కింద బంకమట్టి తేలితే ఇంకా కష్టం. వాన నీరు ఇంకడానికి జల్లెడ లేదు. గుంతల్లో నిలిచిన నీరు ఎండకు ఆవిరవుతుంది.

సముద్రం దగ్గర మరో చిక్కు. తీరంలో భూమి లోపల ఉప్పునీటి మీద మంచినీరు తేలుతూ వుంటుంది. సముద్ర మట్టం పైన మంచినీరు ఒక అడుగు వుంటే దాని కింద సుమారు నలభై అడుగుల దాకా మంచినీరే దొరుకుతుందని పాత సూత్రం. అదే లెక్కను తిరగేస్తే, పైన ఒక అడుగు తగ్గితే కింద ఉప్పునీరు నలభై అడుగులు ఎక్కి వస్తుంది. వాకాడు వైపు రైతు పై ఊరి ఇసుక గురించి ఎందుకు పట్టించుకోవాలో ఈ ఒక్క అంకె చెబుతుంది.

ఇసుక మట్టం కొలవడం చాలా తేలిక. మీకు దగ్గరలో వున్న వంతెన మీదికి వెళ్లి, ఒక కానా దగ్గర పిట్టగోడ మీద రంగుతో గుర్తు పెట్టండి. అక్కడి నుంచి బరువు కట్టిన టేపు కిందికి వదిలి ఇసుక దాకా ఎంతో రాసుకోండి. ఏటా వరదలకు ముందు ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి. వరద ఇసుక తెస్తుంది, తీసుకుపోతుంది కాబట్టి ఒక్క ఏడాది తేడా చూసి గగ్గోలు పెట్టకూడదు. మూడు నాలుగేళ్లు వరసగా దిగుతూ పోతే అది మనిషి పనే. దాంతోపాటు మే నెలలో మూడు చోట్ల చెలమ తీసి నీరు తగిలిన లోతు కొలవండి.

నిబంధనలు కూడా తెలిసి వుండాలి. వంతెనలు, ఆనకట్టలు లాంటి కట్టడాలకు, తాగునీటి, సాగునీటి బావులకు 500 మీటర్ల లోపల ఇసుక తియ్యకూడదు. గట్టు నుంచి 15 మీటర్లు లేదా ఏటి వెడల్పులో ఐదో వంతు, ఏది ఎక్కువైతే అంత వదిలిపెట్టాలి. నీటి మట్టాన్ని తాకేదాకా తవ్వకూడదు. 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అయిదు హెక్టార్ల లోపు తవ్వకాలకు కూడా పర్యావరణ అనుమతి కావాలంది. మన రాష్ట్రంలో ఇసుక 2016లో ఉచితమైంది, 2019లో మళ్లీ అమ్మకానికి వచ్చింది, 2024లో మళ్లీ ఉచితమైంది. ఉచితమైనా, డబ్బు కట్టినా ఏట్లోంచి పోయే బండెడు బండెడే.

నీళ్లలో ఏముంది?

పట్టణం పక్కన పారే ఏటికి మురుగు తప్పదు. తిరుపతి లాంటి ఊరి నుంచి రోజూ వచ్చే వాడకం నీరంతా ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. శుద్ధి చేసి వదిలితే ఒక రకం, చెయ్యకుండా వదిలితే ఒక రకం. ఆ తేడా తెలిపేవి రెండు అంకెలు. నీటిలో కరిగి వున్న ఆక్సిజన్ ఒకటి. నీటిలోని కుళ్లును సూక్ష్మజీవులు తినడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పేది రెండోది, దాన్నే బి.ఓ.డి. అంటారు. మొదటిది ఎక్కువ వుండాలి, రెండోది తక్కువ వుండాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో స్నానానికి పనికొచ్చే నీటిలో ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, బి.ఓ.డి. 3 దాటకూడదు. చేపలు బతకడానికి ఆక్సిజన్ కనీసం 4 కావాలి. మన ఎండల్లో, 30 డిగ్రీల వేడిలో శుభ్రమైన నీరు కూడా ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్‌ను పట్టుకోలేదు. కాబట్టి మనకు మొదట్నుంచీ చేతిలో వున్న జాగా తక్కువే. బి.ఓ.డి. 3 దాటిన నది భాగాలను మండలి కలుషిత భాగాలుగా లెక్క కడుతుంది. 2018లో దేశం మొత్తం మీద అలాంటివి 351 తేలాయి. 2022 నివేదికలో 311.

రైతుకు ఇంకో అంకె ముఖ్యం. నీటిలో ఉప్పు ఎంతో చెప్పే విద్యుత్ వాహకత. 750 మైక్రోమోలు లోపు వుంటే భయం లేదు. 2,250 సాగునీటికి పై హద్దు. ఆ పైన పెడితే భూమి చవుడు బారుతుంది.

మురుగునీటితో పైరు బాగా పచ్చగా వస్తుంది, యూరియా ఖర్చు మిగులుతుంది అని కొందరు రైతులు సంతోషంగానే చెబుతారు. నిజమే, అందులో నత్రజని వుంది. కానీ నత్రజని మన కొలత ప్రకారం రాదు. వరి ఏపుగా పెరిగి, దోమకు, తెగుళ్లకు లోనై, ఈనే వేళకు పడిపోతుంది. పచ్చిగా తినే ఆకుకూరలకు ఆ నీరు పెట్టడం మరీ ప్రమాదం. పైగా అదే నత్రజని ఇసుకలోంచి దిగి తాగే బావిలోకి చేరుతుంది. తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. ఇందులో పట్టణం తప్పు ఎంత వుందో, ఎకరాకు బస్తాలకు బస్తాలు చల్లే మన తప్పూ వుంది.

నమూనా తీసేటప్పుడు లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, గట్టు పక్కన కాకుండా పారే నీటి మధ్యలో, పై తెట్టు రాకుండా ముంచి నింపాలి. తేదీ, చోటు, వేళ సీసా మీద రాయాలి. సాయంత్రం తీసి మర్నాడు మధ్యాహ్నానికి ఇస్తే బి.ఓ.డి. లెక్క తప్పుతుంది. మంచు పెట్టెలో పెట్టి తొందరగా చేర్చాలి.

పురుగులు చెప్పే సాక్ష్యం

నీటి పరీక్ష ఫొటో లాంటిది. తీసిన క్షణానికే నిజం. ఫ్యాక్టరీ వాడు రాత్రి వదిలి పొద్దుటికి ఆపేస్తే సీసాలో ఏమీ దొరకదు. ఏటి అడుగున బతికే పురుగులు అలా కాదు. నెలల తరబడి అక్కడే వుంటాయి కాబట్టి రాత్రి జరిగింది కూడా వాటికి తెలుసు.

అందుకే బ్రిటన్‌లో 1976లో ఒక సంఘం వేసి, నీటి పురుగులకు జాతిని బట్టి 1 నుంచి 10 దాకా మార్కులిచ్చే పద్ధతి తయారు చేశారు. శుభ్రమైన నీటిలోనే బతకగలిగేవాటికి 10, కుళ్లులోనూ బతికేవాటికి 1. మన కాలుష్య మండలి కూడా ఇలాంటి పద్ధతిని మన దేశానికి తగ్గట్టు మార్చుకుంది.

దీన్ని రైతులు, బడిపిల్లలు చెయ్యొచ్చు. పారే నీటిలో, గులకరాళ్లున్న చోట దోమతెర గుడ్డను అడ్డం పట్టుకోవాలి. దానికి ఎగువన రాళ్లను కాలితో మూడు నిమిషాలు కదపాలి. కొట్టుకొచ్చినదాన్ని తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి వదిలితే అన్నీ కదులుతాయి. తోక దగ్గర మూడు సన్నటి పోగులున్న చప్పటి పిల్ల పురుగులు కనిపిస్తే మంచి గుర్తు. ఇసుక రేణువులు, ఆకు ముక్కలు అతికించి చిన్న గొట్టం కట్టుకుని అందులో దాక్కునే పురుగు దొరికితే ఇంకా మంచిది. తూనీగ పిల్లలకు 8 మార్కులు. నత్తలు, జలగలు 3. ఎర్రగా నెత్తురు పోగుల్లా మెలికలు తిరిగే పిల్ల పురుగులకు 2, బురదలో తల దాచి తోకలు ఊపే సన్నటి ఎర్ర పాములకు 1. ఆ ఎరుపు ఊరకే రాలేదు. ఆక్సిజన్ తక్కువ వున్న చోట దాన్ని ఒడిసి పట్టుకోవడానికి మన నెత్తురులో వున్నలాంటి పదార్థమే వాటిలోనూ వుంటుంది. పళ్లెంలో ఇవి తప్ప మరేమీ లేకపోతే ఆ నీటికి ఇక పరీక్ష అక్కర్లేదు.

ఒక హెచ్చరిక. ఆ మార్కులు చలి దేశపు ఏర్లకు వేసినవి. మన ఏర్లలో మంచి నీటిలో కూడా కొన్ని జాతులు వుండవు. అందుకే మార్కు ఎంతొచ్చిందని కాకుండా, కొండ దగ్గర వంకలో ఎంతొచ్చింది, మన ఊరి దగ్గర ఎంతొచ్చింది అని చూసుకోవాలి. ఏరు కనీసం నెలరోజులు పారాకే ఈ పరీక్ష. ఎండిన ఏటిలో పురుగు లేదంటే అది కాలుష్యం కాదు, ఎండాకాలం.

చేపలతో కూడా లెక్క కట్టొచ్చు. అమెరికాలో జేమ్స్ కార్ అనే ఆయన 1981లో పొలాల మధ్య పారే చిన్న వాగుల కోసమే ఒక సూచిక తయారు చేశాడు. ఎన్ని రకాల చేపలు, ఏవి కాలుష్యాన్ని ఓర్చుకునేవి, ఎన్నిటికి పుండ్లున్నాయి అని పన్నెండు విషయాలు చూస్తాడు. మన దగ్గర మాత్రం కొర్రమీను వుంది కాబట్టి నీళ్లు బాగున్నాయనుకోవద్దు. కొర్రమీను, ఇంగిలాయి పైకొచ్చి గాలి పీల్చుకోగలవు, కుళ్లునీటిలోనూ బతుకుతాయి. చూడాల్సింది చిన్న పరిగెలను. అవి పోయి, వల వేస్తే జిలేబి చేప ఒక్కటే పడుతోందంటే ఏరు దెబ్బతిన్నట్టే.

పారే నీటి కొలత

ఏరు ఎన్ని రోజులు పారింది? ఈ ఒక్క అంకె రాసిపెట్టే ఊరు నాకు ఎక్కడా కనిపించలేదు. క్యాలెండరులో పారిన రోజుకు ఒక గీత పెడితే చాలు. ఎంత పారిందో తెలియాలంటే తిన్నగా వున్న చోట పది మీటర్లు కొలిచి, కొబ్బరి చిప్ప గానీ నిమ్మకాయ గానీ వదిలి ఎన్ని సెకన్లకు చేరిందో చూడాలి. పారకం ఆరు మీటర్ల వెడల్పు, సగటు లోతు 30 సెంటీమీటర్లు, కాయ 20 సెకన్లలో చేరితే వేగం సెకనుకు అర మీటరు. అడుగున వేగం తక్కువ కాబట్టి 0.85తో గుణించాలి. లెక్క కడితే సెకనుకు 765 లీటర్లు, సుమారు 27 క్యూసెక్కులు. వరదలో మాత్రం ఈ పని చెయ్యొద్దు. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎలా వచ్చిందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇక్కడ రైతులకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. చెక్‌డ్యాములు, పైన కట్టిన ఆనకట్టలు కూడా ఏటి మీద మనిషి పనే. కల్యాణి డ్యాం 1977 నుంచి తిరుమల, తిరుపతిలకు నీళ్లిస్తోంది, అది అవసరం. ఊరి వంక మీద ఒక చెక్‌డ్యాం వుంటే చుట్టూ బావులు నిండుతాయి, అదీ నిజం. కానీ ఒకే వంక మీద వరసగా పది కడితే చిన్న వానలన్నీ పైనే ఆగిపోతాయి. కింద చెరువు కలుజు ఎక్కదు, ఏరు పారదు. కింది ఊరివాళ్లకు నీరు వచ్చేది తుఫాను వచ్చినప్పుడే, అదీ ఇల్లు మునిగేలా. పై ఊరి లాభం రాసేటప్పుడు కింది ఊరి నష్టం కూడా అదే కాగితంలో రాయాలి. వాగు కాలువలు దున్ని పొలంలో కలుపుకోవడం, చెరువు లోపల పట్టాలు పుట్టడం గురించి ఇక వేరే చెప్పనక్కర్లేదు, ప్రతి ఊళ్లోనూ తెలిసిన కథే.

గట్టు కూడా చూడండి. వావిలి, కానుగ, నేరేడు, మద్ది, రెల్లు దుబ్బులు వుండాల్సిన చోట సర్కారు తుమ్మ ఒక్కటే అల్లుకుపోయిందా? గట్టు అంచు దాకా దున్నేశారా? చెట్లున్న గట్టు పొలంలోంచి కొట్టుకొచ్చే మట్టిని, ఎరువును కొంతయినా ఆపుతుంది.

ఊరి నీటి పద్దు

చివరిది, బోర్ల సంగతి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన అంటే 4,047 లీటర్లు. మీ వంక పరీవాహకం వెయ్యి ఎకరాలు, ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. రాతి నేలల్లో పదో వంతు భూమిలోకి ఇంకితే గొప్ప. అంటే 90 మిల్లీమీటర్లు. వెయ్యి ఎకరాల మీద అది సుమారు 36 కోట్ల 40 లక్షల లీటర్లు. రబీ వరికి ఎకరాకు 48 లక్షల చొప్పున పంచితే 75 ఎకరాలు. వేరుశనగకు ఎకరాకు 20 లక్షల చొప్పున 180 ఎకరాలు. తాగేనీరు, పశువులు పోను ఇంకా తగ్గుతుంది. మరి మీ వెయ్యి ఎకరాల్లో బోర్ల కింద ఎంత వరి వేశారు?

ఈ లెక్క 2003 తర్వాత మన రాష్ట్రంలోనే ఏడు కరువు జిల్లాల్లో రైతులు వేసి చూపించారు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో నడిచిన ఆ పథకంలో అప్పటి మన చిత్తూరు జిల్లా కూడా వుంది. ఆరువందలకు పైగా ఊళ్లలో రైతులు వానమాపకం చూడటం, పదిహేను రోజులకోసారి బావి మట్టం కొలవడం, అక్టోబరులో కూర్చుని ఎంత నీరుంది, ఏ పంట ఎంత వెయ్యాలి అని పద్దు రాయడం చేశారు. ఎవరినీ వరి వెయ్యొద్దని బలవంతం చెయ్యలేదు. అంకె గోడ మీద రాసి పెట్టారు, అంతే. ప్రభుత్వ లెక్కలో కూడా ఏటా నిండే నీటిలో 70 శాతం దాకా తోడితే భద్రం, 100 శాతం దాటితే అతి వినియోగం.

మార్కులు వేసేటప్పుడు

ఇసుక, నీటి నాణ్యత, పురుగులు, పారిన రోజులు, గట్టు, బావి మట్టం. ఒక్కోదానికి అయిదు మార్కుల చొప్పున వేసుకోవచ్చు. పెద్దవాళ్లు చెప్పిన పాత రోజులతో, కొండ దగ్గర వంకతో పోల్చి సమానంగా వుంటే 5, పూర్తిగా పాడయితే 1. అయితే అన్నీ కూడి సగటు తియ్యొద్దు. సగటు మోసం చేస్తుంది. నీళ్లు తేటగా వుండి 5 వచ్చి, ఇసుక ఒక్క గంప కూడా మిగలక 1 వస్తే సగటు 3, ఏదో పర్వాలేదన్నట్టు కనిపిస్తుంది. ఆవుకు నాలుగు కాళ్లలో ఒకటి విరిగితే ముప్పాతిక వంతు ఆరోగ్యం అంటామా? అన్నిటికంటే తక్కువ మార్కు వచ్చిందే ఏటి మార్కు. ఏ పని ముందు ఆపాలో కూడా అదే చెబుతుంది.

మార్కు పక్కన కారణం రాసేటప్పుడు ఎక్కడ మొదలైందో చూడండి. వంతెన దగ్గర ఇసుక దిగితే తవ్వకం ఎటు వుందో, పురుగులు ఏ కాలువ కలిసిన చోట మారాయో, బావులు ఏటి వెంబడి మాత్రమే ఎండాయా లేక ఏటికి మైలు దూరంలోనూ ఎండాయా. ఏటి వెంబడి మాత్రమే అయితే అనుమానం ఇసుక మీద. దూరంలోనూ అంతే అయితే అనుమానం బోర్ల మీద, వాన మీద. మా ఊళ్లో రెండూ కనిపించాయి.

మన జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో పడతాయి. కాబట్టి వంతెన దగ్గర మొదటి కొలత సెప్టెంబరులోపు తీసుకోవాలి. పురుగుల పరీక్షకు డిసెంబరు మంచిది. చెలమ, బావి మట్టం మే నెలలో ఒకసారి, వానలయ్యాక జనవరిలో ఒకసారి. నీటి నమూనా ఏరు పలచగా పారుతున్నప్పుడు తియ్యండి, వరదలో తీస్తే మురుగు కనిపించదు. పుస్తకం ఒకరి ఇంట్లో కాకుండా బడిలోనో, గుడిలోనో పెడితే సర్పంచి మారినా పోకుండా వుంటుంది.